చారకో కడ్డీ

మొన్న మా మనవరాలు తన కారును సర్వీసింగుకు ఇస్తూ నన్నూ వెంట తీసుకెళ్లింది. హన్మకొండ నుంచి కాజీపేట వచ్చే దారిలో అద్దాల గోడలతో కట్టిన పెద్ద షెడ్డు అది. లోపల చల్లగా, శుభ్రంగా ఉంది. ఎక్కడా చుక్క నూనె కనపడలేదు, డీజిల్ వాసన రాలేదు. మేం మెత్తటి కుర్చీల్లో కూర్చున్న అరగంటకు మనవరాలి ఫోనుకు ఒక జాబితా వచ్చింది. ఏ సామాను మార్చాలో వరసగా రాసి ఉంది, ప్రతిదాని పక్కన ఒక గడి. సరేననుకుంటే ఆ గడిని వేలితో ఒత్తాలి. అది కాఫీ తాగుతూనే టకటకా ఒత్తుకుంటూ పోయింది. ఒకచోట మాత్రం ఆగి, ఇది మార్చమంటావా వద్దా నానమ్మా అని అడిగింది. నాకేదో ఇంజన్ల సంగతి తెలుసని కాదు, ఊరికే ఆటపట్టించడానికి. పాత సామాను చూడందే ఎలా చెప్పనే అన్నాను. వాళ్లు చూశారు కదా, మనం చూసేదేముంది అని అది నవ్వి, ఆ గడి కూడా ఒత్తేసింది. ఆ పిల్ల చేసింది తప్పని అనను, దాని ఉద్యోగం హడావుడి దానిది. కానీ ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే మా మామయ్య జీపుకు హెడ్డు మార్చిన రోజుల దగ్గరికి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి కారు తాళాలు మా చేతికిచ్చారు.

అప్పటికి నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి రెండు నెలలు. మా నాన్న నర్సంపేట దగ్గర ఒక ఊళ్లో మిషన్ బడి పంతులు. మా పుట్టింట్లో చక్రాలున్న వస్తువు ఆయన సైకిలు ఒక్కటే. అత్తవారిల్లు కాజీపేటలో, రైలు పట్టాలకు కూతవేటు దూరం. బొగ్గు ఇంజన్లు ఇంకా నడుస్తున్న కాలం. తెల్ల చీర ఆరేస్తే సాయంత్రానికి దాని మీద నల్లటి నలుసులు వాలేవి. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని బట్టలు ఆరేయడం మా అత్తమ్మ నాకు నేర్పిన మొదటి విద్య. మా ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు. ఇంటికి వచ్చేటప్పటికి ఆయన దగ్గర బొగ్గు వాసన, మామయ్య దగ్గర డీజిల్ వాసన వచ్చేవి. ఇద్దరికీ ఒకటే రకం బట్టల సబ్బు, ఒకటే గోలెంలో నీళ్లు. అయినా ఎవరి తువ్వాలు ఏదో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. మొదట్లో అన్నం ముందు కూర్చుంటే నాకు ఆ వాసనలకు ముద్ద దిగేది కాదు. తర్వాత ఎప్పుడో పుట్టింటికి వెళ్లినప్పుడు, ఇక్కడేంటి ఏ వాసనా లేదని వెలితిగా అనిపించింది.

మామయ్య పేరు సామ్యేలు. కాజీపేట స్టేషన్ బయట ఎవరినడిగినా డ్రైవర్ సామ్యేలు అంటే చెప్పేవాళ్లు. ఆయనకో డీజిల్ జీపు ఉండేది. కేసముద్రం మార్కెట్ రోజుల్లో వరంగల్ సేట్లను, హన్మకొండ దుకాణదారులను అక్కడికి తీసుకుపోయి, మళ్లీ రైలు వేళకు కాజీపేటలో దించేవాడు. మిగతా రోజుల్లో పెళ్లిళ్లు, పురుళ్లు, దవాఖాన కేసులు. జీపు వెనక సీటు తుడిస్తే ఒక మూల పత్తి పింజలు, ఒక మూల ఎండుమిర్చి గింజలు దొరికేవి. రోజూ తెల్లవారగానే ఒక కీర్తన పైకి చదివి, జీపు ముందర నిలబడి బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. ఆ వెంటనే అదే బానెట్ ఎత్తి నూనె చూసుకునేవాడు. దేవుడు బండిని కాపాడతాడు గాని నూనె మాత్రం మనమే పోసుకోవాలని ఆయన సిద్ధాంతం. మా అత్తమ్మ రాహేలమ్మకు వేరే సిద్ధాంతం ఉండేది. ఆ ఇంట్లో కొత్త వస్తువు ఏది రావాలన్నా, పాడైన పాతది ముందు ఆమె కంటితో చూడాలి. అది చీపురైనా సరే, జీపు చక్రమైనా సరే. బండి నడపడం రాదు, చదవడం రాదు. కానీ పగిలింది ఏదో, పగిలిందని చెబుతున్నది ఏదో ఆమె చూపుకు దొరికేది.

ఒకరోజు కేసముద్రం నుంచి వస్తుండగా జీపులో నీళ్ల పైపు చిట్లింది. బండిలో నలుగురు సేట్లున్నారు, వాళ్లకు రైలు వేళవుతోంది. ఇంజను చల్లారేదాకా ఆగాలని మామయ్యకు తెలియనిది కాదు. చిన్నపిల్లలకు కూడా చెప్పేవాడు ఆ సంగతి. అయినా వెనక సీట్లోంచి పోరు పడలేక, పైపుకు గుడ్డ చుట్టి, బోరింగు కొట్టి రెండు బిందెల చల్లటి నీళ్లు కాగుతున్న ఇంజన్లో పోశాడు. లోపల ఎక్కడో ఠంగుమని మోగిందట. ఇంజను పైభాగం, దాన్నే హెడ్డు అంటారు, నిట్టనిలువునా పగిలి పర్రె ఇచ్చింది. సేట్లు బస్సెక్కి వెళ్లిపోయారు. మామయ్య ఒక లారీకి తాడు కట్టించుకుని జీపును ఇంటికి లాక్కొచ్చాడు. గడప బయటే నిలబడి, చెప్పులైనా విడవకుండా, "తప్పు నాదే. కాగే ఇంజన్ల చల్ల నీళ్లు పోసిన" అన్నాడు. ఎండను, పైపును, సేట్లను ఎవరినీ అనలేదు.

అలా ఒప్పుకున్నందుకు అత్తమ్మ ఆయన్ను ఏమైనా వదిలిపెట్టిందా అంటే అదీ లేదు. పాలు పోయడానికి వచ్చినామెకు చెప్పింది, పాస్టరు గారికి చెప్పింది, చర్చి మెట్ల మీద కనపడ్డ ప్రతివాళ్లకూ చెప్పింది. ఆయన అన్నం ముందు కూర్చుంటే, కూర కాగుతోంది, చల్ల నీళ్లు పొయ్యనా అని అడిగేది. మామయ్య మీసాల్లో నవ్వుకుని తినేవాడు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఈ ఇంట్లో తప్పు చేస్తే ఊరంతా దండోరా అన్నమాట అనుకుని బెదిరిపోయాను. కొత్త కోడలిని, ఎసట్లో ఉప్పు రవ్వంత ఎక్కువైనా గుండె దడదడలాడే రోజులు.

మా ఆయన ఆ వారంలోనే జీపు అమ్మేద్దామన్నాడు. తండ్రికి అరవై దగ్గర పడుతున్నాయి, ఇంకెంతకాలం ఈ తిరుగుడు, ఇంట్లో కూర్చోవచ్చు కదా అని ఆయన బాధ. మామయ్య ఒక్కసారి తన చేతులతో తనే హెడ్డు మారుస్తానని, మంచిగా నడిస్తే ఉంచుదామని, నడవకపోతే మళ్లీ మాట్లాడకుండా అమ్మేయమని అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు తన అరచేతులను చూసుకున్నాడు. ఆయన అడుగుతున్నది జీపు గురించి ఒక్కటే కాదని నాకు అప్పుడే అర్థమైంది. ఇంట్లో కూర్చుంటే ఆయన ఎండిపోతాడు. మర్నాడే వరంగల్ పోయి, పాత బండ్లు విప్పి అమ్మేచోట ఇంకో జీపు నుంచి తీసిన హెడ్డు ఒకటి వెతికి పట్టుకున్నాడు. దాన్ని మిషను మీద సాపు చేయించడానికి అక్కడే ఒక వర్క్‌షాపులో ఇచ్చి వచ్చాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలయ్యాక, అత్తమ్మ ముందు గదిలో జంపుఖానా పరిచింది. అది కొత్తవాడలో నేసింది. ఎరుపు, నీలం, పచ్చ, పసుపు, మళ్లీ అదే వరసలో ఇంకో నాలుగు, మొత్తం ఎనిమిది వెడల్పు చారలు. మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగితే మనుషులు కూర్చునేది దాని మీదే, అప్పడాలు ఆరేది దాని మీదే, ఇంజను సామాను తీర్పుకు వచ్చేది కూడా దాని మీదే. ఒకవైపు మామయ్య, ఎదురుగా అత్తమ్మ. ఒక్కో సామానూ తీసి ఆమె ముందు పెట్టి, అది ఉండాలో పోవాలో ఆయన వాదించుకోవాలి. హెడ్డు ఎలాగూ విప్పాం కాబట్టి ఏవేవి ఇప్పుడే మార్చాలి, ఏవి ఇంకొన్నాళ్లు నడుస్తాయి అన్నదే తగువు. హెడ్డు కింద వేసే గ్యాస్కెట్ చూడటానికి బాగానే ఉంది, అయినా మార్చాలన్నాడు మామయ్య. దానికి ఆమె పేచీ పెట్టలేదు. బిర్యానీ హండి మూతకు పెట్టిన పిండి తీసి మళ్లీ పెడతామా, కొత్తది తెమ్మంది. బోల్టుల దగ్గర మాత్రం గట్టిగా పట్టుకుంది. మామయ్య పాత బోల్టు పక్కన మచ్చుకు తెచ్చిన కొత్త బోల్టు నిలబెట్టి, బిగించి బిగించి పాతది ఎంత సాగిందో చూపించాడు. ఆమె చూపుడువేలుతో రెండింటి తలలూ తడిమి, సరేనంది. నీళ్ల పంపు ఇంకో ఏడాది నడుస్తుందని ఆయనే వెనక్కి పెట్టబోతే, ఆమె దాన్ని లాక్కుని ఇరుసు పట్టి ఊపింది. ఊడబోయే పన్నులా కదులుతోంది, దీన్నెందుకు దాస్తున్నావని నిలదీసింది. పంపూ పోయింది. పైపులు ఎలాగూ పోయాయి. అంత తగువులోనూ ఇద్దరూ మాట్లాడకుండా ఒప్పుకున్నవి ఒక్క కడ్డీలే.

ఆ కడ్డీల గురించి కొంచెం చెప్పాలి. జానెడు కంటే కాస్త పొడవుండే సన్నటి ఇనుప కడ్డీలవి, ఎనిమిది. ఒక కొస గుండ్రంగా ఉంటుంది, ఇంకో కొస చిన్న గిన్నెలా గుంటపడి ఉంటుంది. ఇంజను అడుగు నుంచి పైకి లేచి, పైన ఉన్న మీటలను నెట్టడం వాటి పని. హెడ్డు మారినా కడ్డీలు పాతవే వాడుకోవచ్చు, ఇవి వంగలేదు, అరగలేదు, బంగారంలా ఉన్నాయన్నాడు మామయ్య. వాటిని జంపుఖానా మీద చారకొకటి పెట్టాడు. ఎర్ర చార మీద మొదటిది, నీలం చార మీద రెండోది, అలా ఎనిమిది చారలకు ఎనిమిది. ఏ చార మీదది ఇంజన్లో ఆ స్థానానికే తిరిగి పోవాలి. హెడ్డు వచ్చేదాకా జంపుఖానాను అలాగే గది మూలకు జరిపి ఉంచారు. ఈ చారల లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లందరికీ తెలిసిన సంగతి కాబట్టి, తెలియనిదొకతి వచ్చిందని ఎవరికీ తోచలేదు.

ఆ వచ్చే ఆదివారం సాయంత్రం కూడిక మా ఇంట్లో. శనివారం మామయ్య హెడ్డు తేవడానికి వరంగల్ వెళ్లాడు, అత్తమ్మ ఎవరో బాలింతను చూడటానికి వెళ్లింది, మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. వాళ్లు వచ్చేసరికి ఇల్లు అద్దంలా చేసి మెప్పు పొందాలని కొంగు దోపుకున్నాను. కూడికకు వచ్చేవాళ్లు కూర్చునే జంపుఖానా మీద నూనె మరకలు. దాన్ని ఉతకాలంటే దాని మీద ఉన్నవి తీయాలి. తీశాను. చేతికి జిడ్డు అంటుకుంది. ఇత్తడి సామాను తోమడానికి నానబెట్టిన చింతపండు ఉండనే ఉంది, బూడిద ఉంది. మా అమ్మ నాకు ఇంజను నేర్పలేదు గాని తోమడం బాగా నేర్పింది. ఒక్కో కడ్డీని పీచుతో, ఇటుక పొడితో రుద్ది రుద్ది కడిగాను. వెండి చెంచాల్లా మెరిశాయి. తుడిచి, ఒక ఇత్తడి చెంబులో నిలబెట్టి, గూట్లో అందంగా పెట్టాను. జంపుఖానా ఉతికి గోడ మీద ఆరేశాను.

మామయ్య గోనెసంచిలో హెడ్డు మోసుకుని వచ్చి, నీళ్లు కారుతున్న జంపుఖానాను చూసి గుమ్మంలోనే ఆగాడు. తర్వాత గూట్లో చెంబును చూశాడు. సంచి దించి గడప మీద కూర్చున్నాడు. ఆయన ముఖం చూసి ఏదో జరిగిందని అర్థమైంది గాని ఏం జరిగిందో తెలియలేదు. ఎంత మంచిగా తోమావు బిడ్డా అన్నాడు. ఆ తర్వాత ఒక కడ్డీ తీసి నా అరచేతిలో పెట్టి, దాని కొసన ఉన్న గుంటను గోటితో చూపించి చెప్పాడు. ఇన్నేళ్లూ ఒకే చోట ఒకే మీటతో రాసుకుని రాసుకుని, ఈ గుంట ఆ మీటకు తగ్గట్టు అరిగింది. ఇంకోచోట పెడితే రెండూ పోట్లాడుకుంటాయి, చప్పుడు చేస్తాయి, ఒకదాన్నొకటి తినేస్తాయి. "పాతది దాని జాగలనే ఉండాలె బిడ్డా. కొత్తదైతె ఫికర్ లేదు, యాడ పెట్టినా మెల్లగ అలవాటు పడ్తది" అన్నాడు. ఆయన కడ్డీల సంగతే చెప్పాడు. నాకు మాత్రం ఆ మాట ఎక్కడో తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఆ ఇంట్లో ఎక్కడ పెట్టినా చప్పుడు చేస్తున్నాననే అనుకుంటున్న రోజులవి.

అత్తమ్మ వచ్చి విని, ఒక్క మాట కూడా అనలేదు. నోరున్న మనిషి ఊరుకుంటే అంతకంటే భయం ఉంటుందా. రేపు పొద్దున ఈ కబురు పాలామెకు, పాస్టరు గారికి చేరడం నా కళ్ల ముందు కనపడింది. ఎనిమిదీ కొత్తవి కొంటే సరిపోతుంది కదా అని నేను నసిగాను. అవి హైదరాబాదు నుంచి రావాలట, వరంగల్లో దుకాణంలో రెండో మూడో విడిగా దొరకవచ్చునట. పైగా చేతిలో ఉన్న డబ్బు చాలావరకు బోల్టులకూ పంపుకూ అయిపోయింది. మామయ్య మీసం దువ్వుకుంటూ ఆలోచించాడు. కూడిక అయిపోయిన మర్నాడు, సోమవారం పొద్దున జంపుఖానా మళ్లీ పరిచి, నన్ను పిలిచి ఖాళీ తొట్టి ముందు కూర్చోబెట్టాడు. శనివారం ఎలా తోమావో అలాగే తోమి చూపించు, తొందరేం లేదన్నాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నీళ్లు లేవు, చింతపండు లేదు, ఊరికే తోముతున్నట్టు చేతులు తిప్పాలి. ఎదురుగా అత్తమ్మ చేట పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

మొదట ఏమీ గుర్తు రాలేదు. తర్వాత చేతులు తిరుగుతున్నకొద్దీ, వింతగా, ఒక్కోటీ వచ్చింది. ఎర్ర చార మీదది ముందు తీశాను, దాని మెడ దగ్గర నల్లటి పట్టీ ఎంత రుద్దినా పోలేదు. ఆ పట్టీ ఉన్న కడ్డీ ఏదో మామయ్య ఎనిమిదింట్లోంచి ఏరి, ఆ పట్టీని చూసి, తల ఊపి, ఎర్ర చార మీద పెట్టాడు. రెండోదాని ఒంటి మీద సన్నటి తుప్పు పొక్కులు, వేలికి గుచ్చుకున్నాయి. అది కూడా దొరికింది. మూడోది తోముతుండగా చేతిలోంచి జారి బండ మీద పడింది, అంచున తెల్లటి గీత పడింది. చివరి రెండింటిని కలిపి ఒకే పట్టుగా తోమాను, వాటిలో ఎనిమిదోది రవ్వంత బరువనిపించింది. అయిదింటిని అలా ఖాయంగా చెప్పాను. మా ఇంట్లో ఎవరూ నా మాట అంత శ్రద్ధగా విని ఉండరు. ఇంజను గురించి నేను చెబుతుంటే ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్న డ్రైవరు పంతులు ముందు పిల్లాడిలా వింటున్నాడు. నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది.

మిగిలినవి మూడు. నాలుగో చార, అయిదో చార, ఆరో చార. ఎంత తడుముకున్నా గుర్తు లేదు. బహుశా ఆ మూడూ తోముతున్నప్పుడు రైలు పోతుంటే చూస్తూ ఉండి ఉంటాను. రెండు గుర్తు లేవని ఒప్పుకున్నాను. మూడు అనడానికి నోరు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రెండయితే మరిచిపోయింది అంటారు, మూడయితే తెలివితక్కువది అంటారు అనిపించింది. అత్తమ్మ చేటలోంచి తలెత్తి నా వంక చూస్తోంది. మూడింట్లోంచి ఒకటి చేతికందింది తీసి, ఇది నాలుగోది, పసుపు చారదన్నాను. మామయ్య ఒక్క క్షణం ఆగి, సరే బిడ్డా అని దాన్ని పసుపు చార మీద పెట్టాడు. మిగతా రెండు చోట్లకు కొత్తవి తెస్తానని బస్సెక్కి వరంగల్ పోయాడు.

ఆ అయిదు రోజులు నేను సరిగ్గా తినలేదు. గదిలోకి వెళ్లినప్పుడల్లా పసుపు చార మీద ఆ కడ్డీ మెరుస్తూ కనపడేది. మూడింట్లో ఒకటి సరైనది అయి ఉండొచ్చు కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. కాకపోతే చప్పుడొస్తుంది, మా ఆయన జీపు అమ్మేద్దామంటాడు, మామయ్య మాట ఇచ్చాడు కాబట్టి మళ్లీ నోరెత్తడు. నా మాట నమ్మి తన చేతులనే తప్పనుకుంటాడు. అయినా రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. అబద్ధం కడుపులో ఉంటే పాత బాకీ లాంటిది, పొద్దు గడిచిన కొద్దీ పెరుగుతుంది.

శనివారం మధ్యాహ్నం ఇంటి పక్క రేకుల కొట్టంలో మామయ్య హెడ్డు ఎక్కించాడు. గ్యాస్కెట్ పరిచి, హెడ్డు దించి, కొత్త బోల్టులను మధ్య నుంచి బయటికి ఒక వరసలో కొద్దికొద్దిగా బిగించాడు. ఎండకు, పనికి చొక్కా వీపుకు అతుక్కుంది. తర్వాత కడ్డీలు. జంపుఖానాను మడిచి చారలు కనపడేలా పక్కన పెట్టుకుని, ఒక్కోటి తీసి నూనె రాసి దాని రంధ్రంలోకి దించాడు. ఎరుపు, నీలం, పచ్చ. పసుపు చార దాటేసి, అయిదోచోట కొత్తది, ఆరోచోట కొత్తది, ఏడోది, ఎనిమిదోది. ఇంక ఒక్క రంధ్రమే ఖాళీగా ఉంది. నేను చెప్పిన కడ్డీ పసుపు చార మీద అలాగే ఉంది. మామయ్య గుడ్డతో చేతులు తుడుచుకుని, చాయ్ పెట్టు బిడ్డా అన్నాడు. పెట్టి ఇచ్చాను. తీరిగ్గా తాగి, జీపు మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఏదో గుర్తొచ్చినట్టు పైపు ఒకసారి బిగించాడు. ఇంకో చాయ్ అడిగాడు. అదీ తాగాడు. ఆకాశం చూశాడు, రైలు పోతే డబ్బాలు లెక్కపెట్టాడు. మూడో చాయ్ అడిగేసరికి అత్తమ్మ కొట్టం గుమ్మంలోకి వచ్చి, రెండు చాయ్‌లు దాటని మనిషికి ఇవాళ ఏమొచ్చిందని అడిగింది. ఆయన ఖాళీ గ్లాసు నా వైపు చాపాడు.

మూడో చాయ్ పెట్టి తెచ్చాను. గ్లాసు ఆయన చేతికి చేరకముందే, "మామయ్యా, ఆ నాలుగోది నాకు ఎర్క లేదు. సిగ్గయి చెప్పిన" అన్నాను. అత్తమ్మ అక్కడే ఉంది, అన్నీ వింది. మామయ్య ముందు గ్లాసు తీసుకుని నేల మీద పెట్టాడు. తర్వాత వంగి, జీపు ముందు సీటు కింద చెయ్యి పెట్టి, కాగితంలో చుట్టిన పొట్లం తీశాడు. సోమవారం రెండు కొత్త కడ్డీలు చుట్టి తెచ్చిన కాగితమే అది. విప్పితే అందులో మూడో కొత్త కడ్డీ ఉంది, నూనె రాసి సిద్ధంగా. దాన్ని ఖాళీ రంధ్రంలోకి దించి, మంచిది బిడ్డా అని ఒక్క మాట అని, పైన మీటలు బిగించడం మొదలుపెట్టాడు. నేను అక్కడే కూర్చుండిపోయి ఏడ్చాను. దుఃఖం కాదు, అయిదు రోజుల బరువు దిగిన ఏడుపు.

అత్తమ్మ నా దగ్గరికి వచ్చి కొంగుతో నా ముఖం గట్టిగా తుడిచింది, గిన్నె తుడిచినట్టు. "ఇరువై ఏండ్ల డ్రైవరు కాగే ఇంజన్ల చల్ల నీళ్లు పోసిండు. రెండు నెల్ల కోడలు ఇంజను తోమింది. మామ, కోడలు ఇద్దరు ఒక్క బండికే సరిపోయిన్రు" అంది. మర్నాడు చర్చి మెట్ల మీద అందరికీ చెప్పింది కూడా. మా కోడలు చింతపండు పెట్టి ఇంజను తోమిందని ఆమె చెప్పిన తీరుకు పాస్టరు గారే కడుపు పట్టుకుని నవ్వారు. విచిత్రమేమిటంటే నేనూ నవ్వాను. ఆ నవ్వులో మామయ్య పక్కన నాకూ చోటు దొరికిందని తెలిసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ వాసనకూ నాకు ముద్ద ఆగలేదు.

జీపు ఆ శనివారం సాయంత్రమే స్టార్టయింది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, సైకిలు స్టాండు వేయకుండానే చెవి పెట్టి విన్నాడు, తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. మంచిగనే నడుస్తాంది అని గొణిగి లోపలికి వెళ్లాడు. తర్వాత చాలా ఏళ్లు మామయ్య ఆ జీపును కేసముద్రానికీ దవాఖానకూ తిప్పాడు. ఇప్పుడు సామానంతా సెట్లకు సెట్లు డబ్బాల్లో వస్తోంది. ఏది ఎక్కడ కూర్చునేదో ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, తోమిన పిల్లను కూర్చోబెట్టి అడగనక్కర్లేదు. అది సుఖమే, కాదనను. మామయ్యకు కూడా ఎనిమిదీ ఒక్కసారి దొరికి ఉంటే కొనేసేవాడేమో. అప్పుడు నా తప్పు నా నోటితో చెప్పడం నేర్చుకోకుండానే మిగిలిపోయేదాన్ని. మా ఇంట్లో ఇప్పటి పిల్లలు ఏదైనా తప్పు చేస్తే, మనం అడగడమే ఆలస్యం సారీ అనేసి ముందుకు పోతారు. మాకు అంత తీరిక ఎక్కడుందని అంటారు. తీరిక అప్పుడు మాత్రం ఎవరికుంది, ఆ శనివారం చాయ్‌లు తాగేనాటికి, సోమవారం పొద్దున కేసముద్రం కిరాయి ఒప్పుకుని ఉన్న మనిషి ఆయన.

జీపు అమ్మేశాక, కాళ్లు ఆడక ఇంట్లోనే ఉంటున్న రోజుల్లో ఒకసారి మామయ్యను అడిగాను, నేను అబద్ధమాడుతున్నానని మీకెలా తెలిసిందని. ఆయన పడక కుర్చీలోంచి కదలకుండా నవ్వాడు. "అయిదింటికి కడ్డీ దిక్కు చూసి చెప్పినవ్. దానికి మాత్రం మీ అత్త దిక్కు చూసినవ్" అన్నాడు. మరి సోమవారమే అడిగితే అయిపోయేది కదా అన్నాను. అడిగితే నువ్వు ఒప్పుకున్నట్టయితది గని చెప్పినట్టు కాదు గదా అన్నాడు. ఆఖరికి, నేను ఆ రోజు చెప్పకపోతే ఏం చేసేవారు మామయ్యా అని అడిగాను.

ఆయన అదేం పెద్ద సంగతి కానట్టు, "ఇంకో చాయ్ తాగుదును బిడ్డా" అన్నాడు.